ఇంజిన్ తల్లికి జాలీ

దసరా నాడు మీ బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారే, ఆ బండికి బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో లేదో ఎప్పుడు చూపించారు? జవాబు కోసం తడుముకోకండి, నాకు తెలుసు. మీరూ నా ఈడు వాళ్ళే, లాఠీలు తిన్న తరం వాళ్ళే, నాలుగు అక్షరాలు నేర్చినవాళ్ళే, అయినా ఏనాడూ నిమ్మకాయను మరవలేదు, బ్రేకుల్నే మరిచారు.

పోయిన దసరాకు మా తమ్ముని కొడుకు నన్ను భూపాలపల్లి తీసుకుపోయాడు. రేగొండ నుంచి వచ్చే తొవ్వలో కొత్తగా రైసు మిల్లు పెట్టుకున్నాడు, పెద్దమనిషిగా వచ్చి కొబ్బరికాయ కొట్టమన్నాడు. మిల్లు చూస్తే కళ్ళు చెదిరాయి, అన్నీ కరెంటు మోటార్లు, ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, ఒక్క మనిషి కుర్చీలో కూర్చొని మీటలు నొక్కితే వడ్లు బియ్యమై సంచుల్లో పడుతున్నాయి. అంత చదువుకున్న పిల్లగాడు ఆ మోటారు ముందు ఒక యాటపోతును నిలబెట్టి, దాని నెత్తి మీద, చెవుల్లో నీళ్ళు పోసి, అది ఒళ్ళు విదిలించేదాకా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. యాట విదిలిస్తే మోటారులో ఉన్న తల్లి బలికి ఒప్పుకున్నట్టట. చెవిలో నీళ్ళు పోస్తే యాటే కాదు, మీరైనా విదిలిస్తారు. తర్వాత కత్తి పడింది, నెత్తురు కలిపిన బువ్వను మోటారు చుట్టూ చల్లారు, చల్లడానికి అడ్డమని ఎవరూ తగలకుండా మోటారు చుట్టూ బిగించిన ఇనుప జాలీని విప్పి గోడకు ఆనించారు. నేను కొబ్బరికాయ కింద పెట్టి బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. ఆ వేడి నెత్తురు వాసనకు నాకు జనగామ గుర్తుకొచ్చింది, మా అక్క గుర్తుకొచ్చింది, మా మామ చెయ్యి గుర్తుకొచ్చింది.

అరవై తొమ్మిదిలో నేను వరంగల్‌లో ఫిట్టర్ పని నేర్చుకుంటున్నాను. తెలంగాణ ఉద్యమం రాగానే బడులన్నీ మూతపడ్డాయి, మేమంతా రోడ్డు మీద పడ్డాం. జనగామ స్టేషను బయట పోలీసులు కొట్టిన దెబ్బకు నా పక్కనున్న సోపతిగాని దవడ విరిగి, పళ్ళు రైలుపట్టాల కంకరలో రాలిపోవడం నేను కళ్ళారా చూశాను. నా వీపు మీద లాఠీ వాతలు ఎండాకాలం పోయేదాకా నల్లగా ఉండిపోయాయి. మా మాటను సినిమాల్లో వెక్కిరించేవాళ్ళతో, మా నౌకర్లు ఎత్తుకుపోయేవాళ్ళతో కొట్లాడితే చాలు, మన జనం బాగుపడతారని అప్పుడు గట్టిగా నమ్మాను. ఆ ఏడు చదువు గంగలో కలిసింది. వీడు ఇట్లనే తిరిగితే ఏదో ఒకనాడు తుపాకీకి ఎదురుపోతాడని భయపడి మా అవ్వ నన్ను తన అన్నకు అప్పజెప్పింది. ఆయనే మా మేనమామ, జనగామలో ఒక పటేలు గారి రైసు మిల్లులో ఇంజిన్ మేస్త్రీ. వానల్లేక మా ఊరు తరిగొప్పులలో సేద్యం ఎండిపోయి, మా అక్క అప్పటికే అదే మిల్లులో తవుడు ఊడ్చే పనికి కుదిరింది.

నేటి పిల్లలకు ఆ మిల్లు ఎట్లా ఉండేదో చెప్పినా అర్థం కాదు. ఒక పక్క గదిలో నిలువెత్తు చక్రమున్న ఆయిల్ ఇంజిన్. పొద్దున దానికి మోకు చుట్టి హమాలీలంతా కలిసి గుంజితే దగ్గుకుంటూ లేచేది. ఒకసారి లేచిందంటే పొద్దుగూకేదాకా దాన్ని ఆపరు. దాని చక్రం నుంచి అరచెయ్యి వెడల్పున్న తోలు బెల్టు గోడ సందులోంచి వచ్చి మిల్లు పొడుగునా తిరిగే ఇనుప కడ్డీని తిప్పేది, ఆ కడ్డీ నుంచి చిన్న బెల్టులు మరలను తిప్పేవి. ఆ కడ్డీ ఆడవాళ్ళ నడుమెత్తున తిరిగేది. దాని పక్కనే, ఒక్కోసారి దాని కిందనే వంగి, మా అక్క, మిగతా ఆడవాళ్ళు తవుడు, నూకలు ఊడ్చేవాళ్ళు. కొంగు జారితే, జడ విడితే ఏమవుతుందో చూసిన మొదటి రోజే నాకు తెలిసింది. అక్కడ పని చేసేవాళ్ళకు కూడా తెలుసు. తెలిసి కూడా ఎట్లా ఊడ్చేవాళ్ళు అంటే, అదే ఈ కథంతా.

బెల్టు జారిపోతే ఇంజిన్ ఆపి ఎక్కించాలని మాకు బడిలో నేర్పారు. మా మామ ఆపేవాడు కాదు. ధోతి పైకి దోపుకొని, తిరిగే చక్రం పక్కన నిలబడి, వట్టి అరచేత్తో బెల్టు అంచును ఎత్తి ఒక్క విసురుతో చక్రం మీదికి ఎక్కించేవాడు. ఆయన ఆ పని చేస్తుంటే కుస్తీ చూసినట్టు పనులాపి అందరూ చూసేవాళ్ళు. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు అప్పటికే లేవు. ఎవరైనా అడిగితే ఆ మొండి వేళ్ళను బిరుదులాగా చూపించి, తల్లి అడిగింది, ఇచ్చిన అనేవాడు. ఆయన దృష్టిలో ఇంజిన్ తల్లి. ఏటా దసరాకు ఆమెకు యాట. ఇంజిన్‌కు నూనె పోసే చాచా, మా మామకు చిన్ననాటి దోస్తు, బిస్మిల్లా చెప్పి కోసేవాడు, ఆ నెత్తురు కలిపిన బువ్వను మా మామ చక్రం మీద, బెల్టు మీద పొలిగా చల్లేవాడు. మూఢత్వంలో మాత్రం వాళ్ళకు మతభేదం లేదు, కూరను కూడా కలిసే తిన్నారు. ఈ దేశంలో ఇంత ఐకమత్యంతో జరిగే పని ఇంకొకటి నేను చూడలేదు.

నేను చేరిన కొత్తలోనే ఒకనాడు చాయ్ తాగే వేళ నోరు విప్పాను. కడ్డీకి, బెల్టుకు కర్ర చట్రం వేసి ఇనుప జాలీ కొడదామని, బెల్టు జారితే ఇంజిన్ ఆపి ఎక్కిద్దామని అన్నాను. మామ నవ్వాడు.

"నడిచే తల్లిని ఆపుతె మళ్ళ లేస్తదా రా అల్లుడా? లేపనీకి నువ్వొక్కనివే గుంజుతవా మోకు?"

అది నిజమైన కష్టమే, కాదనను. ఇంజిన్‌ను మళ్ళీ లేపడం హమాలీల నడుములు విరిగే పని. ఆ మాట దగ్గరే ఆగి ఉంటే ఏదో ఒక ఉపాయం ఆలోచించేవాళ్ళం. కానీ హమాలీల పెద్ద, అందరం కాకా అని పిలిచే బండ మనిషి, మధ్యలోకి వచ్చి, తాతల నుంచి గిట్లనే చేస్తున్నం, నిన్నగాక మొన్నొచ్చినోనివి నువ్వేంది చెప్పేది అన్నాడు. అప్పుడు నాకు వయసు, నాలిక రెండూ వేడిగా ఉండేవి. ఊరి గ్రంథాలయంలో పెద్దలతో వాదాలు పెట్టుకొని గెలిచిన పొగరు కూడా ఉండేది. కాకా, ఈ ఇంజిన్ జనగామకు వచ్చి నా వయసంత కూడా కాలేదు, నీ తాత దీన్ని కలలో కూడా చూడలేదు, మరి తాతల ఆచారం ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే కాక చేతిలోని చాయ్ గ్లాసు నా కనుబొమ్మ మీద పగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

అదే పద్ధతి అంతటా చూశాను. అడిగినవాడి తల పగిలితే అడిగిన మాట అబద్ధమైపోతుందని మనవాళ్ళ లెక్క. పోలీసుల లెక్క కూడా అంతే కదా. లాఠీ పట్టుకున్న చెయ్యి మనదా వాళ్ళదా అన్నదే తేడా, తలకు ఆ తేడా తెలియదు.

చివరికి జాలీ వచ్చింది, నా వాదనకు కాదు, తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని పటేలు గారికి ఎవరో చెప్పినందుకు. పాత కర్ర పెట్టెల చెక్కలు చీరి, చట్రం చేసి, మేకులు కొట్టి, జాలీ బిగించి కడ్డీ పొడుగునా, బెల్టు చుట్టూ నిలబెట్టాను. ఆఫీసరు వచ్చి చూసిపోయాడు. ఆ మరునాటి నుంచి అది మిల్లులో నవ్వులాటకు వస్తువైంది. దానికి కోళ్ళ గంప అని పేరు పెట్టారు, నాకు గంపోడని. తువ్వాళ్ళు దాని మీద ఆరేసేవాళ్ళు, సద్ది గిన్నెలు తగిలించేవాళ్ళు. ఏం రా గంపా, ఇయ్యాల ఎన్ని గుడ్లు పెట్టినయ్ అని వచ్చిపోయే బండ్లవాళ్ళు సైతం అడిగేవాళ్ళు. నేను పట్టించుకోలేదు. అక్క జాలీకి ఇవతల నిలబడి, నా వైపు చూసి నవ్వి, నిటారుగా ఊడ్చుకునేది. నాకది చాలు అనిపించేది.

బతుకమ్మ పోయి దసరా వచ్చింది. పొలి చక్రానికి తగలాలి, తల్లి కళ్ళకు యాట కనబడాలి అని జాలీ విప్పేశారు. పూజ అయ్యాక బిగిస్తానంటే మామ ఒప్పుకోలేదు. పున్నమి దాకా తల్లి ముఖం మూయొద్దట. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది, దాన్ని నేను ఆ ఏడే విన్నాను. యాట కోసిన తర్వాత పున్నమి దాకా తల్లి కడుపు నిండి ఉంటుంది కనుక ఎవ్వరినీ ముట్టదట. అందుకని ఏడాదంతా కాస్తో కూస్తో ఒళ్ళు దగ్గర పెట్టుకొని మసలే మనుషులు ఆ రోజుల్లో తిరిగే బెల్టును దాటి దూకేవాళ్ళు, కడ్డీ కిందికి దూరి ఊడ్చేవాళ్ళు, అక్కడ కూర్చొని ముచ్చట్లు కూడా పెట్టుకునేవాళ్ళు. భయం ఒక్కటే వాళ్ళకున్న జాలీ, ఆ జాలీని కూడా యాట నెత్తురుతో కడిగేసుకున్నారు. నేను మొత్తుకున్నాను. అక్కను ఇంట్లో ఉండమన్నాను. పండుగ తెల్లారి పని మానేస్తే పని పోతుందని అక్క వచ్చింది.

పండుగ పోయిన మూడోనాడో నాలుగోనాడో, మధ్యాహ్నం వేళ. ముందు వినబడింది అక్క కేక కాదు, చీర చిరిగే చప్పుడు. కడ్డీకి పొడుచుకొచ్చిన బోల్టు తలకు కొంగు చిక్కింది, చుట్టుకుంది, అక్కను నేల మీద నుంచి లేపి ఇనుము మీదికి గుంజింది. ఒక పక్క జుట్టు తోలుతో సహా ఊడి వచ్చింది. నేను ఇంజిన్ గదిలోకి, నూనె కట్టేయడానికి ఉరికాను. ఎంత కట్టేసినా అంత పెద్ద చక్రం వెంటనే ఆగదు. మామకు అది నాకంటే బాగా తెలుసు. ఆయన అక్క దగ్గరికి పోలేదు, నా వెనక పరుగెత్తుకొచ్చి నేరుగా పెద్ద బెల్టు మీదికి దూకాడు. ఎన్నోసార్లు ఎక్కించిన బెల్టును ఈసారి వట్టి చేత్తో తోసి దించాడు. బెల్టు దిగింది. కడ్డీ ఆగింది. అయితే పొలి చల్లిన నెత్తురు బువ్వ నూనెతో కలిసి బెల్టు అంచంతా జిగటగా పేరుకొని ఉంది, దించే విసురులోనే ఆ జిగటకు మామ చెయ్యి జారి, బెల్టుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. నేను వెనక్కి తిరిగేసరికి మోచేతి కింద చెయ్యి లేదు. చక్రం మీద నెత్తురు గీతలు గీతలుగా పడుతూనే ఉంది. మామ నేల మీద కూర్చొని, పిల్ల బతికిందా, పిల్ల బతికిందా అని అడుగుతూనే ఉన్నాడు.

అక్క బతికింది. భుజం విరిగింది, మెడ చుట్టూ కొంగు కోసిన గాటు పడింది, బతికింది. ఆమెను బతికించింది నేను వెక్కిరించిన పాతకాలపు పనితనమే. ఆ చెయ్యిని తిన్నది నేను కొట్టిన జాలీని విప్పేసిన పాతకాలపు బుద్ధే. ఈ రెండు నిజాలనూ ఒక్కచోటే చెప్పాలి, ఒకటి చెప్పి ఇంకొకటి దాస్తే నేనూ పొలి చల్లేవాళ్ళలో కలిసినట్టే.

చాచా తన లుంగీ చింపి మామ చేతికి బిగించి కట్టాడు. ఇద్దరినీ ట్రాక్టరు మీద దవాఖానకు పంపడానికి సాయం పట్టి, నేనూ ఎక్కబోతుంటే కాక నా అంగీ పట్టుకొని లోపలికి గుంజాడు. తల్లిని గంపల మూసినందుకే గిట్లయిందని, పండుగపూట ఆమె నోటికాడి కూడు ఆపి ఇంజిన్ బంద్ చేసినందుకు ఇంకెంతమందిని తింటదోనని హమాలీలంతా ఒక్కటై మీదపడ్డారు. నా జాలీనే ముక్కలు చేసి, ఆ చట్రం కర్రలతోనే కొట్టారు. నేను కొట్టిన మేకులే నా వీపులో దిగాయి. చెవి మీద పడిన దెబ్బతో ఎడమ చెవి ఆనాడే పోయింది. చాచా అడ్డం పడి, "అరె ఛోడో రే, చంపుతర ఏంది పోరన్ని!" అని అరుస్తూ నా మీద బోర్లా పడుకోకపోతే ఇవాళ ఈ నాలుగు మాటలు రాసేవాడు లేడు.

దవాఖానలో ముగ్గురం ఒక్క గదిలోనే పడి ఉన్నాం. తెలివి రాగానే మామ నా వైపు తిరిగాడు. తప్పు తెలుసుకుంటాడనుకున్నాను.

"యాట సక్కగ ఇదిలియ్యలే రా అల్లుడా. నేను సూసిన. సగమే ఇదిలిచ్చింది. తొందరపడి కోసినం."

పక్క మంచం మీద నుంచి అక్క, గొంతు పూర్తిగా రాకపోయినా, ఒక్కో మాట కూడదీసుకొని అడిగింది. "మామా, నీ యాట మంచిగ ఇదిలిస్తే, నా కొంగు దానంతట అదే ఊడొస్తుండెనా?"

మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత నేను అక్కను వెంటబెట్టుకొని మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, ఇంకో మిల్లుకు వెళ్ళిపోయాను. అక్కడ మేస్త్రీగా కుదిరేటప్పుడే ముందు జాలీ, తర్వాతే ఇంజిన్ అని షరతు పెట్టాను. కొన్నేళ్ళకు, జనగామలో ఒంటిచెయ్యి మనిషికి పని లేదంటే, మామను తీసుకొచ్చి అదే మిల్లులో కావలికి పెట్టించాను. ఆయన జాలీ పక్కనే స్టూలు వేసుకొని కూర్చునేవాడు. ఎవరైనా దాన్ని విప్పబోతే మొండి చెయ్యి లేపి, అది తల్లి ముసుగు, నా చెయ్యి రుచి మరిగింది, తీస్తే నీది అడుగుతది అనేవాడు. నేను గంటసేపు ఉపన్యాసమిచ్చినా కదలని మనుషులు ఆ ఒక్క మాటకు పది అడుగులు వెనక్కి పోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అబద్ధంతో కాపాడిన చెయ్యి అబద్ధంతోనే పోతుంది మామా అని ఎన్నోసార్లు పోట్లాడాను. చెయ్యి ఉన్నది గద, ఇంకేంగావాలె నీకు అని ఆయన విసుక్కునేవాడు.

ఎనభైల్లో ఒక దసరా నాడు, నేను అనుకున్నట్టే, అబద్ధం అడ్డం తిరిగింది. పండుగనాడు తల్లి ముసుగు తీయాల్సిందే అని మిల్లువాళ్ళంతా ఎగబడ్డారు. నువ్వే చెప్తివి గద తాతా ముసుగని, మరి పండుగకు పెండ్లిపిల్ల ముసుగైనా తీస్తరు గద అని ఒకడు ఎగతాళి చేశాడు. మామ లేచి జాలీకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరో నెట్టారు. కిందపడి మూతి పగిలి, నోటి నిండా నెత్తురుతో లేచి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ నెట్టారు. నేను, అక్క జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి చేరేసరికి అరుస్తున్నాడు.

"తల్లి ఉన్నదో లేదో నాకెరుక లేదురా! చెయ్యి లేదు, గది ఎరుక!"

అక్క తల మీది కొంగు తీసి, జుట్టు మొలవని పక్కను వాళ్ళ వైపు తిప్పి, మామ పక్కన నిలబడింది. ఆ ఏడు యాటను బయట వాకిట్లో కోసుకున్నారు. జాలీ కదలలేదు. ఒక ముసలాయన జీవితమంతా నమ్మినదాన్ని నలుగురిలో నోటి నెత్తురుతో పాటు ఉమ్మేయడం నేను చూసిన అతి పెద్ద సాహసం. స్టేషను ముందు లాఠీలకు ఎదురుపోయిన మేమెవ్వరం అంత ధైర్యం చేయలేదు, ఎందుకంటే మేము ఎదుటివాడి తప్పుకు ఎదురుపోయాం, ఆయన తన తప్పుకు ఎదురుపోయాడు.

ఇప్పుడు మామ లేడు, చాచా లేడు, తోలు బెల్టులు లేవు, నిలువెత్తు చక్రాలను పాత ఇనుముకు అమ్ముకున్నారు. కాక లాంటి మనుషులు కూడా పోయారనుకుంటాం. కానీ కొత్తగా వచ్చినవాడు మాట్లాడబోతే, మా కాలంలో ఇట్లా కాదు అని కసురుకునే గొంతు వినబడినప్పుడల్లా తిరిగి చూస్తాను, అది నా ఈడు మనిషిదే అయి ఉంటుంది, ఒక్కోసారి నాదే అయి ఉంటుంది. పాతవాళ్ళు ఎక్కడికీ పోలేదు. మనమే వాళ్ళమయ్యాం. పెద్దరికం మన చేతికి వచ్చింది, దాన్ని అడ్డం పెట్టుకొని అడిగేవాడి నోరు మూయిస్తున్నాం.

కనుక నా తోటివాళ్ళారా, నాతో కలిసి నిట్టూర్చకండి. మీ మాట చెల్లే ఫ్యాక్టరీయో, వర్క్‌షాపో, పిండి గిర్నీయో ఏదో ఒకటి ఉంటుంది. రేపు పొద్దున అక్కడికి పోండి. అందరికంటే కొత్తగా చేరిన మనిషిని పిలిచి, నీకు ఇక్కడ దేన్ని చూస్తే భయమేస్తుందో చెప్పమని అడగండి. చెప్పేటప్పుడు అడ్డు తగలకండి. చెప్పడం అయిపోగానే, మీ చేతులు మీకు ఉన్నప్పుడే, మీరే లేచి పోయి ఆ యంత్రం మీట కిందికి గుంజి దాన్ని ఆపండి.